స్పీడ్ బ్రేకర్ అడగబోతున్న మేనకోడలికి

చిరంజీవి హారికకు మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ మల్కాజిగిరి కాలనీ మలుపులో, ట్యూషన్ నుంచి వస్తున్న పిల్లాణ్ణి కారు గుద్దిందని, వాడి తొడ ఎముక విరిగిందని చెప్పింది. నువ్వు నలుగురిని పోగేసి రోడ్డు సంగతి తేలేదాకా వదలనంటున్నావట. "ఉద్యోగం చేసుకునే పిల్లకి ఈ గొడవలెందుకు అన్నయ్యా, నువ్వైనా చెప్పు" అంది. నాకు ముందు గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది, రాత్రంతా నిద్ర లేదు. ఉద్యోగమంతా సిటీ బస్సు స్టీరింగ్ వెనకే గడిచింది నాకు. రోడ్డు మీద నేను చూసినవి నువ్వు చూడకూడదని నా కోరిక. అయినా మానెయ్యమని రాయడం లేదు. మొదలుపెట్టేదేదో సరిగ్గా మొదలుపెట్టాలని రాస్తున్నాను.

ముందు ఆ పిల్లాడి ఇంటికి వెళ్లు. ఫోన్ బయటికి తీయకు, సంతకాల కాగితం పట్టుకెళ్లకు. పళ్లు తీసుకెళ్లి కాసేపు కూర్చో. వాళ్లు ఒప్పుకుంటే తప్ప వాడి పేరు ఎక్కడా రాయొద్దు, వాడి ఫోటో ఫ్లెక్సీ మీదికి ఎక్కకూడదు. ప్రమాదం వీడియో ఏదో మీ కాలనీ గ్రూపులో తిరుగుతోందని మీ అమ్మ చెప్పింది. అది తీసేయించడం నీ మొదటి పని. ఆ తల్లి కూడా ఆ గ్రూపులో ఉంటుంది కదా!

ఇక లెక్కలు. పేపర్లో వచ్చే దేశం లెక్కలు నీకు తెలిసే ఉంటాయి. 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు, వాళ్లలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. వినతిపత్రంలో ఈ అంకెలు ఒక్క వాక్యంలో రాస్తే చాలు. మీ వార్డు ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీరుని కదిలించేది మీ మలుపు జాబితా. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ బండి, ఎవరికి ఎంత దెబ్బ. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తు పెడితే పోలీసుల దగ్గరున్నది 30 రోజుల్లో ఇవ్వాలి. కానీ చాలా ప్రమాదాలు స్టేషన్ దాకా వెళ్లవు, రోడ్డు మీదే రాజీ అయిపోతాయి. అవి మలుపులో పంక్చర్ వేసేవాడికి, మెడికల్ షాపు అతనికి, అక్కడ నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కి తెలుసు. వాళ్లతో టీ తాగుతూ మాట్లాడు. ఏ మ్యాన్‌హోల్ దగ్గర బండ్లు జారతాయో, సాయంత్రం ఎన్నింటికి ఎండ కళ్లలో కొడుతుందో వాళ్లు చెప్తారు.

మీ వాళ్లంతా "రేపే స్పీడ్ బ్రేకర్ వేయించాలి" అంటున్నారట. ఇక్కడ నా మాట కాస్త ఓపిగ్గా విను.

మేం కుషాయిగూడ వైపు అద్దెకున్న రోజుల్లో పక్క కాలనీలో అచ్చం ఇలాగే జరిగింది. బడి నుంచి వచ్చే పిల్లవాణ్ణి వ్యాన్ తగిలి చెయ్యి విరిగింది. కుర్రాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు, టైర్లు కాల్చారు. లోకల్ నాయకుడొకాయన వచ్చి మైకులో మాట ఇచ్చాడు. దగ్గర్లో ఏదో కాంట్రాక్టు పని జరుగుతుంటే అక్కడ మిగిలిన కాంక్రీటు తెచ్చి, ఆ రాత్రికి రాత్రే రోడ్డుకు అడ్డంగా రెండు దిబ్బలు పోశారు. పొద్దున కొబ్బరికాయ కూడా కొట్టారు. కొలత లేదు, రంగు లేదు, ముందు హెచ్చరిక బోర్డు లేదు. ఎవరి అనుమతీ లేదు, కాబట్టి కాగితమూ లేదు. అదొక విజయంలా అందరూ సంతోషపడ్డారు. నిజానికి ఆ ఊపులో వద్దని చెప్పగలిగే మనిషి ఎవరుంటారు?

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లుంటే, బండి వెళ్లే దిశలో పొడవు 3.7 మీటర్లుండాలి. అప్పుడే 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఎగిరిపడకుండా ఎక్కి దిగుతుంది. 40 మీటర్ల ముందు బోర్డుండాలి, దిబ్బ మీద నలుపు తెలుపు పట్టీలుండాలి. అక్కడ పోసిన దిబ్బ పొడవు మోపెడ్ చక్రమంత కూడా లేదు, ఎత్తు మాత్రం గడపంత. బస్సు ఎంత నెమ్మదిగా ఎక్కించినా వెనక సీట్లో కూర్చున్న ముసలివాళ్లు "అమ్మా" అని నడుం పట్టుకునేవాళ్లు. వెనక చక్రాలకు అవతలున్న సీట్లు ఎలా ఎగురుతాయో కారు నడిపేవాళ్లకు తెలియదు.

వానాకాలం వచ్చింది. ఒక రాత్రి ఆఖరి ట్రిప్పు ముగించి డ్యూటీ దిగి ఇంటికి వస్తున్నాను. కరెంటు లేదు. దిబ్బ మీదుగా నీళ్లు పారుతుంటే రోడ్డేదో దిబ్బేదో తెలియడం లేదు. నా ముందే ఒక స్కూటర్ వెళ్తోంది. వెనక ఆయన భార్య ఒక పక్కకు కూర్చుని ఉంది, చేతిలో సంచీ. బండి ఎగిరింది. ఆయన నిలదొక్కుకున్నాడు కానీ ఆమె వెల్లకిలా పడిపోయింది. తల వెనక దెబ్బ తగిలింది. ఆటో ఆపి ఎక్కించాం, ఆసుపత్రి దాకా నేనూ వెళ్లాను. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. ఆ భర్త నన్ను పట్టుకుని "నేను మెల్లగానే వస్తున్నాను సార్, మీరు చూశారు కదా" అని మళ్లీ మళ్లీ అడిగాడు. చూశాను. మెల్లగానే వస్తున్నాడు.

వ్యాన్ తగిలిన పిల్లవాడు బతికాడు, హారికా. వాడి పేరు చెప్పి పోసిన దిబ్బ ఒక మనిషిని తీసుకుపోయింది. మర్నాడు ఎవరు పోశారో వాళ్లే గడ్డపారలతో పగలగొట్టారు. ఆ తర్వాత మళ్లీ ఎవరూ ఆ రోడ్డు మాటెత్తలేదు, సిగ్గుతో కొందరు, భయంతో కొందరు. వ్యాన్లు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి. ఎవరినైనా అడుగుదామంటే ఏ ఆఫీసులోనూ ఒక్క కాగితం లేదు. అది ఎవరి రోడ్డో, ఎవరి దిబ్బో ఎవరూ చెప్పలేకపోయారు.

అందుకే స్పీడ్ బ్రేకర్ అడగొద్దనడం లేదు. కొలత ప్రకారం, కాగితం మీద సాంక్షన్ అయ్యాకే వేయించు. రంగు, బోర్డు, వీధిదీపం మూడూ అదే రోజు పడేలా చూడు. "రంగు తర్వాత వేస్తాం" అంటే "అప్పుడే బ్రేకర్ కూడా వేయండి" అను. ఈ విషయంలో ఎవరి మొహమాటానికీ లొంగకు.

దానికంటే ముందు మీ మలుపు మూలను చూడు. మూల ఎంత విశాలంగా ఉంటే కారు అంత వేగం తగ్గించకుండా తిరుగుతుంది. ఆ మూలను కాస్త ముందుకు తెచ్చి ఫుట్‌పాత్ కట్టిస్తే డ్రైవర్ తప్పనిసరిగా బ్రేక్ తొక్కుతాడు. ట్రాఫిక్ పోలీసులను ఒప్పించి ముందు కొన్నాళ్లు కోన్లు పెట్టించి చూడు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 8 మీటర్ల పైన వెళ్తుంది, 50లో దాదాపు 14 మీటర్లు. డ్రైవర్ కాలు బ్రేక్ మీదికి వెళ్లేలోపే ఆ దూరం అయిపోతుంది. ఒట్టి బోర్డు పెడితే వేగం తగ్గుతుందని నమ్మకు. మన హైదరాబాద్‌లోని బయోడైవర్సిటీ జంక్షన్ ఫ్లైఓవర్ మీద పరిమితి 40. 2019 నవంబర్‌లో అది తెరిచిన కొద్ది రోజులకే ఒక కారు 100 దాటిన వేగంతో వచ్చి కింద పడింది. కింద రోడ్డు పక్కన నిలబడ్డ ఒక మహిళ చనిపోయింది.

నాకున్న అసలు భయం మీ బస్టాపు. మలుపుకు ముందే ఉంది, జీబ్రా బస్సు ఆగే చోటుకు అవతల, మలుపు వైపు గీశారు. అంటే దిగినవాళ్లు ఆగి ఉన్న బస్సు ముందు నుంచే రోడ్డు దాటాలి. డ్రైవర్ సీట్లో కూర్చుంటే బంపర్ కింద, ఎడమవైపు మూల ఏముందో కనపడదు. ఐదారేళ్ల పిల్ల అక్కడ నిలబడితే ఆ పిల్ల లేనట్టే. కండక్టర్ "రైట్ రైట్" అంటాడు, మనం గేర్ వేస్తాం. "హోల్డాన్!" అని వెనక నుంచి ఎవరో అరిస్తే గుండె ఆగిపోయేది. ఆ అరుపు ఇప్పటికీ నాకు కలలో వినపడుతుంది. నా చేతుల మీదుగా ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. తోటి డ్రైవర్ ఒకతనికి అయింది. అతను ఆ తర్వాత స్టీరింగ్ పట్టలేకపోయాడు, డిపోలో వేరే పని అడుక్కున్నాడు.

జీబ్రాను బస్సు వెనక వచ్చేలా మార్చమని అడుగు. అలాగైతే దాటేవాళ్లకి వచ్చే బండి కనపడుతుంది, బస్సు కదిలినా ప్రమాదం లేదు. లేదా స్టాపునే మలుపు దాటాక పెట్టమను. ఖర్చు పెద్దగా లేని పని ఇది. ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక వాళ్లు ఎంతమంది బస్సెక్కుతున్నారో చూస్తున్నావు కదా, ఆ స్టాపులో నిలబడడానికి చోటు కూడా చాలదు. నీ జాబితాలో ఇది రెండోదో మూడోదో కాకూడదు. మొదటిదిగా రాయి. ఇది నేను గట్టిగా చెప్తున్నాను.

ఫుట్ ఓవర్ బ్రిడ్జి కట్టిస్తామని ఎవరైనా అంటే దండం పెట్టి వద్దను. క్లచ్ తొక్కీ తొక్కీ అరిగిన నా ఎడమ మోకాలు ఆ మెట్లెక్కదు. రోడ్డు దాటే చోటు నేల మీదే ఉండాలి.

ఇంకొకటి. మీటింగ్ పెట్టగానే ఎవరో ఒకరు "ఆ మిర్చిబండి వల్లే అంతా" అంటారు. ఆ బండివాణ్ణి తరిమేస్తే అదే చోట రెండు కార్లు పార్క్ అవుతాయి, నడిచేవాళ్లకు మిగిలేదేమీ ఉండదు. ఫుట్‌పాత్ నిజంగా ఎవరు ఆక్రమించారో టేపు పెట్టి కొలిచి రాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఎంత, షాపు మెట్లు ఎంత, బైకులు ఎంత. నడవడానికి అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలన్నది నిబంధన. రాత్రి పదకొండు దాకా ఆ మూలన దీపం పెట్టుకుని ఉండేది మిర్చిబండి మనిషి ఒక్కడే. ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు పరిగెత్తేదీ అతనే. అతన్ని మీ వైపు ఉంచుకో.

అర్జీలు రాయడం నీకు వచ్చు, నాకంటే బాగా రాస్తావు. అర్జీ అందినట్టు ఆఫీసువాళ్లు వేసే ఇన్‌వార్డ్ నంబరు లేకుండా బయటికి రాకు. రోడ్డు, మ్యాన్‌హోల్, కరెంటు స్తంభం, సిగ్నల్ ఒక్కొక్కటి ఒక్కో శాఖది కాబట్టి అందరినీ ఒకే రోజు ఆ మలుపులో నిలబెట్టే జాయింట్ ఇన్‌స్పెక్షన్ అడుగు. రోడ్డు డిజైన్ లోపం వల్ల మనిషి పోయినా, అంగవైకల్యం వచ్చినా బాధ్యత ఉన్న అధికార సంస్థకూ కాంట్రాక్టరుకూ లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చని మోటారు వాహనాల చట్టంలో 2019లో 198ఎ సెక్షన్ చేర్చారు. దాన్ని అర్జీ చివర ఒక వాక్యంలో మర్యాదగా గుర్తుచెయ్యి. మొదట్లోనే బెదిరిస్తే తలుపులు మూసుకుంటాయి.

ఆ కారు నడిపిన కుర్రాడి మీద కేసు నడుస్తుంది, నడవాలి. కానీ మీ మీటింగ్ అంతా అతన్ని తిట్టడంతోనే అయిపోనివ్వకు. అతన్ని జైల్లో పెట్టినా రేపు అదే మలుపులో ఇంకొకడు అదే వేగంతో తిరుగుతాడు.

ఎట్టి పరిస్థితిలోనూ రాస్తారోకోకు ఒప్పుకోకు. ప్లకార్డు పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. చీకటి పడ్డాక అసలే వద్దు. నీ పట్టుదల ఎంత గొప్పదైనా లారీ డ్రైవర్‌కి నువ్వు చీకట్లో ఒక నీడవి. తిడుతున్నాననుకోకు. చిన్నప్పుడు సెలవులకు వస్తే బస్సులో నా వెనక సీటే కావాలని ఏడ్చేదానివి. ఇంజన్ వేడి తగులుతుంది, అక్కడొద్దురా తల్లీ అంటే వినేదానివి కాదు. అద్దంలో నీ రెండు జడలు కనపడుతుంటే నేను ఆ ట్రిప్పంతా మామూలు కంటే నెమ్మదిగా నడిపేవాణ్ణి. పాసింజర్లు తిట్టినా సరే.

పాలప్యాకెట్‌కి వెళ్లేటప్పుడు హెల్మెట్ పెట్టుకోవడం లేదట నువ్వు. మీ అమ్మ చెప్పింది. కాలనీలోపలే కదా అంటావు. ఆ పిల్లాడికి దెబ్బ తగిలింది కాలనీలోపలే. నువ్వు పది మందికి చెప్పబోతున్నావు, వాళ్లు ముందు నీ తల వైపు చూస్తారు.

వచ్చే ఆదివారం పొద్దున్నే, బండ్లు పలచగా ఉన్నప్పుడు వస్తాను. పొడవాటి టేపు, సుద్దముక్కలు, తెల్లకాగితాలు సిద్ధంగా పెట్టు. మూలలు, ఫుట్‌పాత్ నువ్వు కొలుచుకో, బస్టాపు దగ్గర మాత్రం నేను వచ్చేదాకా ఆగు. మొదటి మీటింగ్‌కి మీ అమ్మను తీసుకెళ్లు. రోజూ కూరగాయలకి ఆ రోడ్డు దాటేది ఆమే. ఎక్కడ నిలబడితే బండ్లు ఆగుతాయో, ఎక్కడ ఆగవో మీ గ్రూపులో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. నేను ఫోన్‌లో అడిగాను, ఇంకా ఒప్పుకోలేదు. నువ్వడిగితే వస్తుంది.

ఇట్లు,
మీ మామయ్య