ఎముక పంపి ఏడు నెలలైంది, రిపోర్ట్ యాడుంది?

ప్రశ్న: మాది కావలి దగ్గర సముద్రం ఒడ్డు ఊరండి. మా చిన్నాన్న వేటకు పోయి తిరిగి రాలేదు, నెల తర్వాత ఒక శవం కొట్టుకొచ్చింది, గుర్తుపట్టేట్టు లేదు. పోలీసోళ్ళు ఎముక తీసి, మా నాన్న రక్తం కూడా తీసుకుని డీఎన్ఏ టెస్టుకి పంపించారు. ఏడు నెలలైంది, అడిగితే ల్యాబులో పెండింగ్ అంటా ఉండారు. కర్మ చెయ్యాలో వద్దో తేలక మా పిన్ని నలిగిపోతా ఉంది. టెస్టుకే ఇంత టైం పడుద్దా? ప్రైవేటులో చేయించుకోవచ్చా?

జవాబు: టెస్టుకి కాదమ్మా, వరసలో నిలబడ్డానికి. రక్తం అయితే చేతికి తీసుకున్నాక కొద్ది రోజుల పనే. ఎముక మొండిది, శుభ్రం చేసి, పొడి కొట్టి, కాల్షియం పోయేదాకా ద్రావణంలో నానబెట్టాలి, అందులోనూ ఉప్పునీళ్ళలో నానిన ఎముక కదా, డీఎన్ఏ ముక్కలై ఉంటది, ఒకసారికి రాకపోతే మళ్ళీ మొదట్నుంచి. అయినా వారాల పనే గానీ నెలల పని కాదు.

అత్యాచారం, పోక్సో కేసుల దర్యాప్తు 2 నెలల్లో ముగియాలని చట్టం, కాబట్టి అవి ముందుకెళ్తాయి, వెళ్ళాలి కూడా. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన కొత్త క్రిమినల్ చట్టంలో 7 ఏళ్ళు, ఆపైన శిక్షపడే నేరాలకి ఫోరెన్సిక్ వాళ్ళు స్పాట్‌కి రావాలని పెట్టారు (రాష్ట్రాలకి 5 ఏళ్ళ గడువుందిలే), ఇంక ల్యాబుకొచ్చే మూటలు పెరగడమే. ఇంకో మెషిన్ కొంటే సరిపోద్దంటే నేనొప్పుకోను. శాంపిళ్ళు పోసే ప్లేటుకి 96 గుంటలుంటాయి, నాలుగు కేసులు కలిపి నింపితేనే టెస్టు కిట్టు గిట్టుబాటు, అందాకా ఆపుతారు. పోలీసోళ్ళు ఇరవై బట్టలు మూటగట్టి పంపే బదులు పనికొచ్చే రెండు ఎంచి పంపితే ల్యాబుకి సగం బరువు తగ్గుద్ది. తడి బట్ట ప్లాస్టిక్ కవర్లో కట్టి రోహిణి కార్తెలో స్టేషన్లో పడేస్తే ఏం మిగులుద్ది, బూజు! నీడన ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. కోర్టులో కేసు ముగిసిపోయినా ల్యాబుకి ఆపమని చెప్పే నాథుడుండడు, ఆ శాంపిల్ వరసలో అట్టే కూర్చునుంటది.

ప్రైవేటు సంగతంటారా, ఆ ఎముక కేసు ఆస్తి, కోర్టు చెప్పకుండా మీ చేతికివ్వరు.

నాకు అనుమానమంతా ఇంకోచోట ఉంది. మీ నాన్న రక్తం ఒక్కటే పంపారా? డీఎన్ఏలో చూసే ప్రతిచోటా బిడ్డకి ఒక సగం తండ్రిదే ఉంటది, అన్నదమ్ములకి ఆ గ్యారంటీ లేదు, రిపోర్ట్ వచ్చినా గట్టిగా తేలకపోవచ్చు. మీ చిన్నాన్న పిల్లలుంటే వాళ్ళదీ, పిన్నిదీ, నాయనమ్మ ఉంటే ఆమెదీ ఇప్పుడే తీయించమని ఎస్సై గారికి అర్జీ పెట్టండి. ల్యాబుకి పంపిన లెటర్ నంబరు, తేదీ కూడా అడగండి, సీలు సరిగా లేదనో రక్తమిచ్చినోళ్ళ ఫోటో ఫారం లేదనో తిప్పి పంపి ఉంటే స్టేషన్ బీరువాలోనే ఉండొచ్చు. చెప్పకపోతే ఆర్టీఐ (సమాచార హక్కు) అర్జీ పెట్టండి.