శత్రువుతో చేతులు కలిపితే ఏమనాలి?

సందేహం: రెండో ప్రపంచ యుద్ధకాలపు సెర్బియా గురించిన ఒక చరిత్ర వ్యాసాన్ని అనువదిస్తున్నాను. జర్మన్లకు తోడ్పడిన సెర్బు నాయకుల విషయంలో వచ్చిన ‘కొలాబొరేషన్’ను ‘సహకారం’ అన్నాను. ‘దేశద్రోహం’ అనాలని ఒక మిత్రుడి పట్టు. ఏది సరి? ‘ప్రాపగాండా’కు ‘ప్రచారం’ చాలుతుందా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ఒట్టి ‘సహకారం’ అని మాత్రం వదిలేయకండి. తెలుగులో అది మంచి మాట. సహకార సంఘం, సహకార బ్యాంకు, ‘మీ సహకారానికి కృతజ్ఞతలు’... ఆ మాట వినగానే మనకు తట్టేవి ఇవే. ఎవరితో సహకారం అన్నది చెప్పి తీరాలి. ‘ఆక్రమణదారులతో సహకారం’ అంటే కొంచెం పొడవైనా అర్థం చెడదు.

‘దేశద్రోహం’ అనడానికి నేను ఒప్పుకోను. అది జరిగిన పనికి పేరు కాదు, ఆ పని మీద చెప్పిన తీర్పు. యుద్ధం తర్వాత అధికారంలోకి వచ్చిన కమ్యూనిస్టులు ఆక్రమణదారులనూ ‘ఇంటి ద్రోహులనూ’ ఒకే గాటన కట్టి మాట్లాడేవారు. 1990లలో, సెర్బియా భాగంగా ఉన్న యుగోస్లావియా ముక్కలవుతున్నప్పుడు, యుద్ధం వద్దన్న సెర్బులను జాతీయవాదులు తిట్టిందీ ఆ మాటతోనే. కాబట్టి వ్యాసంలో ఒకరు మరొకరిని ద్రోహి అంటే ఆ మాటను వారి నోటనే ఉంచండి. అనువాదకురాలిగా మీరు అనకండి.

అసలు అన్ని సందర్భాలకూ ఒకే మాట వెతకడమే చిక్కు. 1941 ఏప్రిల్ 6న జర్మనీ యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్ మీద బాంబులు వేసింది. పదకొండు రోజుల్లో యుగోస్లావియా సైన్యం లొంగిపోయింది. ఆగస్టు చివర జర్మన్లు జనరల్ మిలాన్ నెదిచ్‌ను ఆక్రమిత సెర్బియాకు ప్రధానిగా కూర్చోబెట్టారు. ఆయన ప్రభుత్వం 1944 అక్టోబరు దాకా సాగింది. తనకది పెట్టుకున్న పేరు ‘జాతి రక్షణ ప్రభుత్వం’. దాన్ని తప్పకుండా కొటేషన్లలో పెట్టండి, లేకపోతే ఆ ప్రభుత్వం తన గురించి చెప్పుకున్నది మీరు ఒప్పుకున్నట్టవుతుంది. మీ సొంత వాక్యంలో ‘కీలుబొమ్మ ప్రభుత్వం’ అనడానికి సందేహించనక్కరలేదు. ఆ మాట పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో చెబుతుంది.

ద్రాజా మిహైలొవిచ్ నడిపిన చెత్నిక్‌ల (రాజు పక్షపు సెర్బు గెరిల్లాల) సంగతి వేరు. ఆయన లండన్‌లోని యుగోస్లావియా ప్రవాస ప్రభుత్వంలో మంత్రి. అయినా ఆయన దళపతుల్లో చాలామంది ఆక్రమణను ఎదిరిస్తున్న కమ్యూనిస్టు గెరిల్లాలైన పార్టిజాన్లను దెబ్బతీయడానికి ఇటాలియన్లతోనూ, నెదిచ్ మనుషులతోనూ, కొన్నిచోట్ల జర్మన్లతోనూ ఒప్పందాలు చేసుకున్నారు. దీనికి మనకు చక్కగా సరిపోయే మాట ‘కుమ్మక్కు’. ఉర్దూ ‘కుమక్’ అంటే సాయం, అదనపు సేన. తెలుగులో స్థిరపడేసరికి దానికి లోపాయకారీ పొత్తు అనే రంగు వచ్చింది. నెదిచ్ చేసింది బాహాటంగానే చేశాడు కనుక ఆయనకు ఈ మాట అతకదు.

సెర్బు ఫాసిస్టు నాయకుడు దిమిత్రియే ల్యోతిచ్ అనుచరులతో 1941లో ఏర్పడిన దళం పేరును ‘స్వచ్ఛంద సేవాదళం’ అంటే వరద బాధితులకు అన్నం పెట్టేవాళ్లు గుర్తొస్తారు. ‘వాలంటీర్ల సైనికదళం’ అనండి. రజాకారు అన్న మాటకూ స్వచ్ఛందంగా వచ్చినవాడనే అర్థం. తెలంగాణలో దాన్ని ఈనాడు ఎవరు అలా వింటారు?

ఇక ‘ప్రచారం’. అది ఎన్నికలకూ, టీకాలకూ కూడా వాడే మాట. సంస్థ పేరులో ‘ప్రచార విభాగం’ అని వచ్చినచోట అలాగే ఉంచండి. పనిని వర్ణించేచోట మాత్రం దాని స్వభావం చెప్పాలి. 1941 అక్టోబరు 21న సెర్బియాలోని క్రాగుయెవాత్స్ పట్టణంలో జర్మన్ సైనికులు పెద్ద ఎత్తున కాల్పులు జరిపారు. ఆ మారణకాండలో బడి పిల్లలతో సహా దాదాపు 2,800 మంది చనిపోయారు. చచ్చిన ఒక్కో జర్మన్‌కు వందమంది చొప్పున ప్రాణాలు తీయాలన్నది వారి ఉత్తర్వు. ఆ మర్నాడే బెల్‌గ్రేడ్‌లో, యూదులూ, ఫ్రీమేసన్లనే రహస్య సోదర సంఘం వాళ్లూ, కమ్యూనిస్టులూ కలిసి ప్రపంచాన్ని మింగేస్తున్నారని చూపే భారీ ప్రదర్శన తెరిచారు. 1942 జనవరిలో దాని పేరిట తపాలా బిళ్లలు కూడా వేశారు. యూదు చిహ్నాల మీద సెర్బు చిహ్నాలు గెలిచినట్టు వాటి మీద బొమ్మలు. ఆ వసంతంలోనే బెల్‌గ్రేడ్ శివారు సాయ్మిష్తే శిబిరంలోని యూదు స్త్రీలనూ పిల్లలనూ జర్మన్లు విషవాయువు నింపిన వ్యానులో చంపారు. ఆ ప్రదర్శననూ బిళ్లలనూ ఒట్టి ‘ప్రచారం’ అని దాటిపోతే నేరం సగం మాయమవుతుంది. ‘దుష్ప్రచారం’ కూడా చాలదు, అది ఒక మనిషి మీద పుకార్లు పుట్టించడానికీ వాడుతున్నాం. ‘విద్వేష ప్రచారం’ అనండి.

మీరు అడగకపోయినా ఒక హెచ్చరిక. మీ వ్యాసంలో ‘రిహాబిలిటేషన్’ వస్తే ‘పునరావాసం’ అని రాయకండి. అది ముంపు గ్రామాల వారికి ఇచ్చేది. మిహైలొవిచ్‌కు 1946లో మరణశిక్ష వేశారు. 2015లో బెల్‌గ్రేడ్ న్యాయస్థానం ఆ విచారణ రాజకీయ ప్రేరితమని తేల్చి తీర్పును కొట్టేసింది. అక్కడ ‘తీర్పు రద్దు’ అనండి. ‘నిర్దోషి అని తేల్చారు’ అని రాస్తే తప్పు, కోర్టు ఆయన యుద్ధకాలపు పనులను తిరిగి విచారించలేదు. నెదిచ్ పేరిట వచ్చిన అలాంటి దరఖాస్తును 2018లో కోర్టు తోసిపుచ్చింది.