చిన్న జూట్ మిల్లుకి యాంటీ డంపింగ్ ప్రశ్నావళి వస్తే ఎలా నింపాలి?

ప్రశ్న: బొబ్బిలి దగ్గర మాకు చిన్న జూట్ మిల్లు ఉంది. పురికొస, కొద్దిగా గోతాలు చేస్తాం. బంగ్లాదేశ్ సరుకు మీద సుంకం కొనసాగించాలని అడగడానికి అంటూ లావుపాటి ఫారాల కట్ట పంపారు. నాలుగేళ్ళ లెక్కలు కావాలట. మా ఆడిటరు గారేమో తప్పనిసరి కాదు, వదిలేయండి అంటున్నారు. నింపాలా? నింపితే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు:

నింపండి. ఆడిటరు గారి మాట కొంతవరకు నిజమే, ఇది జీఎస్టీ రిటర్ను కాదు కాబట్టి ఇవ్వకపోతే జరిమానా పడదు. కాకపోతే 1995 నాటి యాంటీ డంపింగ్ నిబంధనల ప్రకారం, అడిగిన సమాచారం గడువులోపల రాకపోతే ఉన్న సమాచారంతోనే అధికారి తేల్చేయవచ్చు. మన వైపు మిల్లులు ఇవ్వకపోతే కేసులో మిగిలేవి కలకత్తా మిల్లుల ఖర్చులు, కలకత్తా రేట్లు. నెల్లిమర్ల, కొత్తవలస, బొబ్బిలి, రాజాం చుట్టుపక్కల మిల్లుల కరెంటు ఖర్చు వేరు, పచ్చి జూటు బెంగాల్ నుంచి తెచ్చుకునే రవాణా వేరు. అవి లెక్కలోకి రావాలంటే మీరు రాయాల్సిందే.

ముందు ఈ కేసు సంగతి రెండు ముక్కల్లో. బయటి దేశం వాళ్ళు తమ దగ్గర అమ్మే ధర కంటే తక్కువకి ఇక్కడికి సరుకు పంపడం డంపింగ్. దాని వల్ల ఇక్కడి పరిశ్రమకి నష్టం జరిగిందని తేలితే వేసేది యాంటీ డంపింగ్ సుంకం. దర్యాప్తు చేసేది ఢిల్లీలోని డీజీటీఆర్, అంటే వాణిజ్య శాఖ కింద ఉండే ట్రేడ్ రెమెడీస్ డైరెక్టరేట్. సుంకం వేసేది మాత్రం ఆర్థిక శాఖ. బంగ్లాదేశ్, నేపాల్ నుంచి వచ్చే జూట్ దారం, హెస్సియన్ (పల్చటి జూట్) గుడ్డ, గోనె సంచుల మీద 2017 జనవరి 5న టన్నుకు సుమారు 352 డాలర్ల దాకా సుంకం వేశారు. సంచి మీద సుంకం పడగానే కుట్టని గుడ్డగా తెచ్చి ఇక్కడ కుట్టుకోవడం ఎక్కువైంది. అందుకే 2019లో సాకింగ్ గుడ్డకి, అంటే సంచులు కుట్టే గుడ్డకి కూడా వర్తింపజేశారు. 2022 డిసెంబరు చివర్లో ఇంకో ఐదేళ్ళు పొడిగించారు. ఆ పొడిగింపు అడిగిన వాళ్ళలో కలకత్తా మిల్లుల సంఘంతో పాటు ఆంధ్రప్రదేశ్ మెస్తా ట్వైన్ మిల్స్ అసోసియేషన్ కూడా ఉంది. అంటే ఈ కేసు మన గోగునార మిల్లులది కూడా. 2025లో బంగ్లాదేశ్ జూట్ సరుకు భూమార్గాన రాకుండా పెట్టిన ఆంక్ష వేరే చట్టం కింద పెట్టినది. అది ఉంది కదా, సుంకంతో పనేముంది అనుకోకండి. ఎత్తేయాలనుకుంటే ఆ ఆంక్ష ఒక్క నోటిఫికేషన్‌తో పోతుంది.

ఫారం తెరవగానే అంకెల జోలికి వెళ్ళకుండా, దేని గురించి అడుగుతున్నారో ఆ సరుకు నిర్వచనం చదవండి. కస్టమ్స్‌లో జూట్ దారం 5307 కింద, గుడ్డ 5310 కింద, సంచులు 6305 కింద వస్తాయి. పురికొస రకాన్ని బట్టి 5607 కింద కూడా పడవచ్చు. మీరు చేసే ప్రతి రకం నిర్వచనం లోపలుందో బయటుందో పక్కన పెన్సిలుతో రాసుకోండి. బయట ఉన్న రకం అమ్మకాలు కలిపేస్తే తర్వాత ఏ అంకే దేనితోనూ కలవదు.

తర్వాత కొలతలు. మన మిల్లుల లెక్కలు ఎక్కువగా చెడేది ఇక్కడే. ఫారంలో అన్నీ మెట్రిక్ టన్నుల్లో అడుగుతారు, మన రిజిస్టర్లలో మాత్రం బేళ్ళు, గజాలు, వందలు ఉంటాయి. పచ్చి జూటు బేలు 180 కిలోలు. గోతాల బేలు అంటే 500 సంచులు. 50 కిలోల ధాన్యానికి వాడే బి-ట్విల్ సంచి 580 గ్రాములు కాబట్టి ఆ బేలు 290 కిలోలు. రెండింటినీ బేలు అనే పిలుస్తాం, రిజిస్టర్లో ఒకే మాట రాస్తాం, ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు రెండింటినీ 180తో గుణిస్తాడు. హెస్సియన్ అయితే 40 అంగుళాలు 10 ఔన్సుల రకం గజానికి 283.5 గ్రాములు, వెయ్యి గజాలకు 283.5 కిలోలు. ఏ రకానికి ఏ బరువు తీసుకున్నారో ఒక కాగితం మీద పట్టికలా రాసి, నాలుగేళ్ళకీ అదే వాడండి. డీజీటీఆర్ వాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు ఆ ఒక్క కాగితం చాలా ప్రశ్నలు ఆపుతుంది.

దారం లెక్క మీలాంటి మిల్లుకి ఇంకో గుంట. మీరు తీసిన దారంలో కొంత పురికొసగా అమ్ముడుపోతుంది, కొంత మీ లూముల మీదకే వెళ్ళి గోతాలవుతుంది. 1,000 టన్నుల దారం తీసి అందులో 400 టన్నులు గోతాలకి వాడితే, ఉత్పత్తి 1,400 టన్నులు కాదు. ఆ 400ని సొంత వాడకం గడిలో చూపించాలి. రెండుసార్లు కలిపితే మీ ఉత్పత్తి పెరిగినట్టు, మార్కెట్లో మీ వాటా బాగున్నట్టు కనిపిస్తుంది. నష్టం నిరూపించాల్సిన చోట అది మీకే ఎదురు తిరుగుతుంది.

పచ్చి సరుకు లెక్కలో తేమ మర్చిపోవద్దు. వచ్చిన జూటులో ఒక తేమ, బ్యాచింగ్‌లో నూనె, నీళ్ళు కలిపాక ఇంకో బరువు, బయటికి వెళ్ళే సంచిలో మరో తేమ. దీని వల్ల ఒక్కో నెల వేసినదాని కంటే వచ్చినది ఎక్కువగా తేలుతుంది. అది చూసి కొందరు వృథా శాతాన్ని ఊహించి సర్దేస్తారు. అలా చేయకండి. కొన్నప్పటి తేమ, అమ్మినప్పటి తేమ ఎంతకి లెక్కకట్టారో కింద రాసి, కార్డింగ్, స్పిన్నింగ్ వృథాని తూకం చీటీల నుంచి చూపండి. ప్రారంభ నిల్వ, కొనుగోళ్ళు, వాడకం, ముగింపు నిల్వ నాలుగూ ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీటుతో కలవాలి. కలవని చోట తేడా ఎందుకొచ్చిందో రాయడమే మంచిది, తేడాని దాచడం కాదు.

కాలం సంగతి. దర్యాప్తు కాలం మామూలుగా 12 నెలలు, దానికి ముందు మూడు ఆర్థిక సంవత్సరాలు. ఆ 12 నెలలు ఏప్రిల్ నుంచే మొదలవ్వాలని లేదు. అక్టోబరు నుంచి సెప్టెంబరు అన్నారనుకోండి, మీకు సెప్టెంబరు 30 నాటి ట్రయల్ బ్యాలెన్సు, ఆ రోజు గోడౌన్ నిల్వ కావాలి. మార్చి 31కి తప్ప స్టాకు లెక్కపెట్టని మిల్లుకి ఇది తలనొప్పే. ఇప్పటి నుంచే ప్రతి నెలాఖరుకీ స్టాకు రాయడం మొదలుపెట్టండి.

అమ్మకం ధర మిల్లు గేటు దగ్గరి ధర అయి ఉండాలి. జీఎస్టీ, లారీ కిరాయి, బ్రోకరు కమీషను, డిస్కౌంటు అన్నీ తీసేశాక మిగిలింది. డోర్ డెలివరీ రేటే బిల్లులో ఉంటే కిరాయి విడిగా తీసి చూపాలి. ప్రభుత్వ ధాన్యం సేకరణకి జూట్ కమిషనర్ ఆర్డరు మీద ఇచ్చిన గోతాలుంటే వాటిని వేరే వరుసలో పెట్టండి. ఆ ధర సూత్రం ప్రకారం నిర్ణయమవుతుంది, దిగుమతి సరుకు దాన్ని దించలేదు. రెండూ కలిపి సగటు తీస్తే బయటి మార్కెట్లో పురికొసకి పడిన దెబ్బ ఆ సగటులో కరిగిపోతుంది. నా దృష్టిలో మొత్తం ఫారంలో అన్నిటికంటే విలువైన గీత ఇదే.

ఖర్చుల దగ్గరికొస్తే, ఎక్కువ చూపిస్తే ఎక్కువ సుంకం వస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది పని చేయదు. డీజీటీఆర్ మీ ఖర్చుల నుంచి ఒక న్యాయమైన ధర కడుతుంది, దాన్ని నాన్ ఇంజూరియస్ ప్రైస్ అంటారు. దానికి నాలుగేళ్ళలో పచ్చి సరుకు, కరెంటు అతి పొదుపుగా వాడిన ఏడాది లెక్క, మిల్లు అన్నిటికంటే బాగా నడిచిన ఏడాది లెక్క తీసుకుంటారు. విరాళాలు, మొండి బాకీలు, ఆస్తి అమ్మిన నష్టం తీసేస్తారు. స్థలం, యంత్రాల విలువ పెంచి రాసుకున్నా ఆ పెంపు లెక్కలోకి రాదు. ఇలా తేలిన ఖర్చుకి, పెట్టుబడి మీద 22 శాతం రాబడిని ఏళ్ళుగా కలుపుతున్నారు. ఆ ధర టన్నుకు లక్ష రూపాయలు, దిగుమతి సరుకు ఇక్కడికి చేరే ధర 88,000 అనుకుందాం. తేడా 12,000. డంపింగ్ తేడా, అంటే వాళ్ళ దేశంలో ధరకీ ఇక్కడికి పంపే ధరకీ మధ్య తేడా, 8,000 మాత్రమే అయితే సుంకం 8,000కే ఆగుతుంది, రెండిట్లో తక్కువదే వేస్తారు. కాబట్టి ఉబ్బించిన ఖర్చుతో లాభం లేదు. తనిఖీలో దొరికితే మాత్రం మీ అంకెలన్నీ పక్కన పెట్టే ప్రమాదముంది. ఉమ్మడి ఖర్చులు గోతాలకి ఇంత, పురికొసకి ఇంత అని పంచేటప్పుడు టన్నుల మీద పంచారా, యంత్రం గంటల మీద పంచారా చెప్పి, నాలుగేళ్ళూ ఒకే పద్ధతి పాటించండి.

కార్మికుల సంఖ్య రాసేటప్పుడు పీఎఫ్ చలాన్లో ఉన్నవాళ్ళనే రాసి, కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ళని వదిలేస్తుంటారు. మన మిల్లుల్లో ఆ సంఖ్య చిన్నది కాదు. విడి వరుసలో రాయండి. షిఫ్టు తగ్గించినా, లేఆఫ్ ఇచ్చినా నెలతో సహా రాయాలి. ఒక మిల్లు మూతపడితే ఎన్ని పల్లెల్లో పొయ్యి వెలగదో మనకి తెలుసు, ఢిల్లీలో చదివే అధికారికి ఆ గడిలోని అంకె ద్వారానే తెలియాలి.

ఇక దాచకూడని విషయం. నష్టానికి దిగుమతులు కాక వేరే కారణాలుంటే అవి కూడా చూస్తారు. లాకౌట్, సమ్మె, పవర్ హాలిడే, ప్లాస్టిక్ సంచుల పోటీ, తుపాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ లాంటివి వచ్చిన ఏడాది మన జిల్లాల్లో ఉత్పత్తి పడిపోతే అది బంగ్లాదేశ్ వల్ల అనలేం. ఆ నెలల్ని మీరే విడదీసి, అవి తీసేసినా మిగతా నెలల్లో ధర ఎలా ఉందో చూపండి. ఎదుటి పక్షం లాయర్లు ఎలాగూ తవ్వుతారు. మీరే ముందు చెబితే మిగతా అంకెల మీద నమ్మకం నిలుస్తుంది. మీరే బంగ్లాదేశ్ దారం కొనుంటే అదీ రాయాలి. దిగుమతి చేసుకునే మిల్లుని దేశీయ పరిశ్రమ లెక్క నుంచి తప్పించే వీలు నిబంధనల్లో ఉంది, ఎంత కొన్నారు, ఎందుకు కొన్నారన్నది అప్పుడు ముఖ్యమవుతుంది.

ధర దెబ్బకి సాక్ష్యం కూడా జతచేయండి. ‘బంగ్లా సరుకు ఇంతకి వస్తోంది, మీరు దిగండి’ అని పార్టీ వాట్సాప్‌లో పంపిన రేటు, రద్దయిన ఆర్డరు, తగ్గించి ఇచ్చిన కొటేషను, అన్నీ తేదీలతో. వీటిని దిగుమతి పరిమాణంతో కలిపి చూస్తారు కాబట్టి తేదీ లేని కాగితానికి బలం లేదు.

మీది కొత్త కేసు కాదు, ఉన్న సుంకాన్ని కొనసాగించాలా వద్దా అని చూసే రివ్యూ కాబట్టి ప్రశ్నే మారుతుంది. ఇప్పుడు నష్టాల్లో ఉన్నారా అన్నది కాదు, సుంకం తీసేస్తే డంపింగ్, నష్టం మళ్ళీ వస్తాయా అన్నది. అందుకని గత ఏడాది లాభం వచ్చిందని ఫారం మూల పడేయకండి. సుంకం ఉండబట్టే ఆ లాభం వచ్చిందని చూపడం కూడా వాదనే.

పంపేటప్పుడు రెండు ప్రతులు. ఒకటి గోప్యమైనది, అసలు అంకెలతో. రెండోది ఎదుటి పక్షాలకీ అందేది, అంకెల బదులు మొదటి ఏడాదిని 100గా తీసుకున్న సూచీతో. నాలుగేళ్ళ ఉత్పత్తి 3,600, 3,420, 3,060, 2,880 టన్నులైతే రెండో ప్రతిలో 100, 95, 85, 80 అని ఉండాలి. ప్రతి పేజీ పైన ఏ ప్రతో రాయాలి, ఎందుకు గోప్యమో కారణం చెప్పాలి. కారణం లేకుండా అన్నీ దాచేస్తే ఆ సమాచారాన్ని పట్టించుకోకుండా వదిలేసే అధికారం వాళ్ళకుంది. ఎక్సెల్ పంపుతుంటే దాచిన షీట్లు, ఫార్ములాలు చూడండి. సూచీ గడి మీద క్లిక్ చేస్తే 3,600 కనబడే ఫైళ్ళు పోటీదారుల చేతికి వెళ్ళిపోతాయి.

దర్యాప్తు మొదలైన నోటీసు వచ్చాక జవాబుకి మామూలుగా 30 రోజులే ఉంటాయి. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది దరఖాస్తు కోసం కాబట్టి కాస్త వ్యవధి దొరుకుతుంది. ముందు ఒక్క ఏడాది పూర్తిగా నింపి, అసోసియేషన్ లెక్కలు చూసేవాళ్ళకి చూపించి, సరే అన్నాక మిగతా మూడేళ్ళు నింపండి. నాలుగేళ్ళూ ఒకే తప్పుతో నింపి మళ్ళీ మొదలెట్టడం కంటే అది నయం. పంపిన సెట్టు ఎలా పంపారో అలాగే, ఏ అంకె ఏ లెడ్జరు పేజీ నుంచి వచ్చిందో మార్జిన్లో రాసి, ఒక ఫైల్లో మిల్లులోనే ఉంచండి. తనిఖీకి వచ్చేసరికి ఆ ఫారం నింపిన గుమాస్తా వేరే మిల్లులో చేరి ఉండొచ్చు.