రెండో చింతకాయ

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి రెండుసార్లు చదివాను. మొదటిసారి ముషీరాబాద్ డాబాల మీద నీ పన్నెండేళ్ల కుర్రవాడి వెంట హాయిగా తిరిగాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నప్పుడు మాత్రం, వాడి దుఃఖానికి గుర్తుగా నువ్వు పెట్టిన వస్తువుల దగ్గర పదేపదే ఆగవలసి వచ్చింది.

ఆస్పత్రిలో అన్న కన్నుమూసిన క్షణానే ఇంటి మీద పతంగి తెగిపోతుంది, దేవుడి గదిలో దీపం కొండెక్కుతుంది, జనవరి నెలలో వాన కూడా కురుస్తుంది. ఇన్ని కలిసి ఏడిస్తే పాఠకుడు ఏడవడానికి చోటెక్కడుంటుంది? నిన్ను చిన్నబుచ్చాలని అనడం లేదు. నా మొదటి నవలలో ఎవరు పోయినా దీపం ఆరిపోయేది. మూడో చావు దగ్గర, రాతప్రతి చదివిన పెద్దాయన ఒకరు అంచున "ఈ ఇంట్లో నూనె ఎవరూ పోయరా?" అని రాసి పంపారు. నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు.

కథలోకి వచ్చిన వస్తువుకు ముందు దాని పని దానికి ఉండాలి. దుఃఖం తర్వాత వచ్చి దాని మీద వాలుతుంది. 1951లో వెలువడిన జె.డి. శాలింజర్ నవల 'ది క్యాచర్ ఇన్ ద రై'లో హోల్డెన్ అనే కుర్రవాడు, రక్తక్యాన్సర్‌తో పదకొండేళ్లకే పోయిన తమ్ముడు అల్లీ బేస్‌బాల్ చేతితొడుగును దాచుకుంటాడు. దాని నిండా ఆకుపచ్చ సిరాతో రాసిన కవితలు ఉంటాయి. అల్లీ వాటిని ఎందుకు రాసుకున్నాడంటే, మైదానంలో బ్యాటు పట్టేవాడు ఇంకా రాక ఊరికే నిలబడవలసి వచ్చినప్పుడు చదువుకోవడానికి. పొద్దుపోక ఒక పిల్లవాడు చేసుకున్న ఏర్పాటు అది, అందుకే మన గొంతు పట్టేస్తుంది. తమ్ముడు పోయిన రాత్రి గ్యారేజీ అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టాననీ, ఆ చెయ్యి ఇప్పటికీ గట్టిగా ముడుచుకోదనీ హోల్డెన్ మాటల మధ్యలో చెప్పేసి ముందుకు పోతాడు. అల్లీది ఎర్ర జుట్టని ఒకచోట, తాను డాలరు పెట్టి ఎర్రటి వేటటోపీ కొన్నానని మరొకచోట చెబుతాడు గాని, ఆ రెండింటినీ కలిపి ఒక్కసారీ మాట్లాడడు. (ఆ నవలలో నాకు విసుగు పుట్టించిన పేజీలూ ఉన్నాయి, అది వేరే సంగతి.)

ఇప్పుడు నీ అయిదో అధ్యాయం చూడు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు కింద వాడిని కూర్చోబెట్టావు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు 150 మంది ఆ కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని నగరంలో తరతరాలుగా చెప్పుకునే చెట్టు అది. "అంతమందిని కాపాడిన చెట్టు మా అన్నను కాపాడలేకపోయింది" అని వాడి చేత అనుకోనిచ్చావు. ఆ ఆలోచన వాడికి వచ్చింది కాదమ్మా, నీకు వచ్చింది. దానికి నాలుగు వాక్యాల పైన నువ్వే రాసిన ముక్క ఒకటుంది: వాడు రాలిన దోర చింతకాయలు రెండు ఏరి, ఒకటి కొరుకుతూ రెండోది జేబులో వేసుకుంటాడు. అప్పటికి అన్న పోయి గంటయింది. రెండోది ఎవరికోసమో నువ్వు చెప్పలేదు. అధ్యాయాన్ని అక్కడే ఆపెయ్యి.

"ఆనాటితో వాడి బాల్యం ముగిసింది" అన్న వాక్యాన్ని కొట్టేశాను. ముగియలేదు గనక. వాడి అమాయకత్వం పోయింది ఏడో అధ్యాయంలో, జనగామ నుంచి నాయనమ్మ ఫోను చేసినప్పుడు. ఆమె గుండె తట్టుకోదని ఇంట్లో ఎవరూ నిజం చెప్పలేదు. పెద్దవాళ్లందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉంటే, ఫోను అందుకున్న వీడు తడబడకుండా "అన్న పడుకున్నాడు నాయనమ్మా, లేపొద్దన్నరు" అంటాడు. చావును చూడటం కంటే, పెద్దవాళ్ల కోసం అబద్ధం అంత చక్కగా ఆడగలగటమే పిల్లవాడిని పెద్దవాడిని చేస్తుందని నా నమ్మకం. నువ్వేమో దాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు. అక్కడ రెండు పేజీలు ఖర్చుపెట్టు. ఫోను పెట్టేశాక వాడిని ఎవరు మెచ్చుకున్నారు, ఎవరు వాడి కళ్లలోకి చూడలేకపోయారు, అన్నీ రాయి.

ఇక అన్న చరఖ్, అదే పతంగి దారం చుట్టుకునే చక్రం. తెగిన పతంగిని తీసెయ్యి, చరఖ్‌ను మాత్రం ఉంచు. మరుసటి సంక్రాంతికి వాడు అన్న చుట్టి వదిలిన మాంజా మీదే తన కొత్త దారం చుట్టుకుంటాడని రాసి, దాన్ని అక్కడే మరిచిపోయావు. ఇంకొకరి పతంగితో పేంచ్ పడి (దారాలు పెనవేసుకుని), ఢీల్ ఇస్తూ, అంటే దారం వదులుతూ పోతే వాడి దారం అయిపోయి, అడుగున ఉన్న అన్న దారం వేళ్ల మధ్యకు వస్తుంది కదా! అప్పుడు ఇంకా వదులుతాడా, లాగేసుకుంటాడా? నీ కథ 1990ల నాటిది కాబట్టి అది నైలాన్ దారం అయివుండదు. గంజి, గాజుపొడి, రంగు కలిపి పట్టించిన నూలు దారం. చెమట పట్టిన వేలికి ఆ రంగు అంటుతుంది. వాడిదేమో గులాబీ రంగు మాంజా అని నువ్వే రాశావు. అన్నది ఏ రంగో రాతప్రతి మొత్తంలో నాకెక్కడా దొరకలేదు. ఆలోచించి రాసి పంపు.

ఉంటాను.