ఆరడుగుల గోడ ఎందుకు కట్టారు?

ప్రశ్న: ఇంజినీరు గారూ, నమస్కారం. ఎండాకాలంలో షికాగోలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. మొనాడ్‌నాక్ అనే పాత బిల్డింగు చూపించింది. పదహారు అంతస్తులు, బయటంతా ఇటుకే. కింద గోడ మందం ఆరడుగులట! ఆ ఊళ్లో అప్పటికే ఇనుప ఫ్రేముతో కట్టడం తెలుసు కదా, మరి అంత గోడ ఎందుకు? అది కుంగలేదా? మన మౌంట్ రోడ్డు ఎల్‌ఐసీ కూడా గోడల మీదే నిలబడిందా?
— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, ఆ ఆరడుగులు భయం కొద్దీ వేసుకున్న లెక్క కాదు. బరువంతా గోడే మోసే కట్టడానికి అప్పట్లో ఒక వాడుక లెక్క ఉండేది. ఒక అంతస్తుకి పన్నెండు అంగుళాల గోడ, ఆపైన పెరిగే ప్రతి అంతస్తుకీ కింద నాలుగేసి అంగుళాలు అదనం. పదహారు అంతస్తులంటే పన్నెండుకి అరవై కలపాలి. డెబ్భై రెండు అంగుళాలు, అంటే సరిగ్గా ఆరడుగులు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జార్జ్‌టౌన్‌లో ఒక పాత మేడ కొలవడానికి వెళ్లాను. కింద కిటికీ గూట్లో టేపు పెడితే ఇరవై ఏడు అంగుళాలు వచ్చింది. మేడ మీద పద్దెనిమిదే. ఆ ఇంటి పెద్దావిడ కాళ్లు ముడుచుకుని ఆ కింది గూట్లోనే కూర్చుని బియ్యం ఏరుతోంది. గోడ తన మీదున్న గోడనంతా మోయాలి కాబట్టి కిందికి వచ్చేకొద్దీ లావెక్కుతుందని పుస్తకంలో ఎప్పుడో చదివాను. నాకు నిజంగా అర్థమైంది మాత్రం ఆ గూటి దగ్గరే.

ఇక షికాగో సంగతి. మీరన్నది నిజమే. ఇంజినీరు విలియం జెన్నీ 1885లోనే హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగుని లోహపు ఫ్రేముతో, అంటే బరువు చాలావరకు గోడలు కాక స్తంభాలూ దూలాలూ మోసేలా, పది అంతస్తులు లేపాడు. తొలి ఆకాశహర్మ్యం అని చాలామంది దాన్నే అంటారు. 1931లో కూల్చేశారు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. మొనాడ్‌నాక్‌కి డబ్బు పెట్టింది బోస్టన్‌కి చెందిన బ్రూక్స్ అన్నదమ్ములు. ఆచితూచి ఖర్చుపెట్టే మనుషులు, ముందు పాత గోడల పద్ధతికే మొగ్గారు. చూరులూ చెక్కడాలూ వద్దు, వాటిమీద మురికి పడుతుంది, పావురాలూ పిచ్చుకలూ చేరతాయి అన్నాడు పీటర్ బ్రూక్స్. బాల్కనీకి వల కట్టించుకునే మన ఊరివాళ్లకి ఈ బాధ వేరే చెప్పాలా! ఆర్కిటెక్టు జాన్ రూట్ ఆ షరతునే అందంగా మలిచాడు. గోడ అడుగున లోపలికి ఒంపు తిరిగి, పైకి వెళ్లాక మెల్లగా బయటికి విచ్చుకుంటుంది. అలంకారం అంతే. 1891లో బిల్డింగు తయారైంది కానీ, ఆ ఏడాది జనవరిలోనే రూట్ న్యుమోనియాతో పోయాడు. నలభై ఒక్క ఏళ్లు.

కుంగిందా అంటే, కుంగింది. షికాగో కింద ఉన్నది మెత్తటి బంకమట్టి. పునాదిలో ఉక్కు దూలాలని కాంక్రీటులో పరిచి, తెప్పలా వెడల్పు చేసి బరువు పంచారు. ఎనిమిది అంగుళాలు దిగుతుందని ముందే లెక్కేసుకున్నారు. 1940 నాటికి ఇరవై అంగుళాలు దిగింది. అయినా నిలబడే ఉంది, ఇప్పటికీ ఆఫీసులు నడుస్తున్నాయి.

ఈసారి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. జాక్సన్ వీధి మూల నుంచి డియర్‌బోర్న్ వీధి వెంట వాన్ బ్యూరెన్ వైపు నడవండి. మీరు చూసిన ఇటుక భాగం ఉత్తరపు సగమే. దక్షిణపు సగాన్ని 1893లో హోలబర్డ్, రోష్ అనే వేరే ఆర్కిటెక్టులు ఉక్కు ఫ్రేముతో కట్టారు. అక్కడ ఇటుక ఒట్టి తొడుగే. రెండేళ్లలో అదే యజమానులు, పక్కపక్కనే, పద్ధతి మార్చేశారు. గోడ సన్నబడితే అద్దెకిచ్చే చోటు పెరుగుతుంది. వీధి వైపు దుకాణానికి అద్దె వచ్చేది కింది అంతస్తులోనే, ఆరడుగుల గోడ మింగేసేదీ అక్కడి చోటునే.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1892లో, మన హైకోర్టు భవనం తెరిచారు. అదీ ఇటుకే. మద్రాసులో ఇటుకా సున్నం నుంచి కాంక్రీటు పిల్లర్లకి మళ్లడానికి చాలా కాలం పట్టింది. ఆ మలుపులో పెద్ద గుర్తు 1959లో తెరిచిన మీ ఎల్‌ఐసీ బిల్డింగు. దాని బరువు గోడల మీద లేదమ్మా, పిల్లర్ల మీదే ఉంది. మీరుండేది పిల్లర్లతో కట్టిన ఫ్లాటైతే గదికీ గదికీ మధ్య గోడ నాలుగున్నర అంగుళాలే ఉండొచ్చు, ఒకసారి స్కేలు పెట్టి చూసుకోండి.