‘పర్వతాలు పిలుస్తున్నాయి’ - పుస్తకాల్లో కాదు, ఉత్తరాల్లో వెతకండి

అమెరికా ప్రకృతి శాస్త్రవేత్త జాన్ మ్యూర్ మాట “పర్వతాలు పిలుస్తున్నాయి, నేను వెళ్ళాలి” మీ వ్యాసంలో వాడుకోవాలని, సియెర్రా పర్వతాల మీద అతను రాసిన పుస్తకం రెండుసార్లు తిరగేసినా అది దొరకలేదని అడిగారు. అది పుస్తకం కోసం రాసిన మాట కాదు. 1873 సెప్టెంబరు 3న కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ నుంచి మ్యూర్ తన అక్క సారాకు రాసిన ఉత్తరంలోది.

1. విలియం ఫ్రెడరిక్ బాడే సంపాదకుడిగా తెచ్చిన, మ్యూర్ ఉత్తరాలున్న ‘లైఫ్ అండ్ లెటర్స్ ఆఫ్ జాన్ మ్యూర్’ తెరవండి. మ్యూర్ 1914లో పోయాక వచ్చింది.

2. వాక్యంతో వెతక్కండి, తేదీతో వెతకండి. చేతిరాతలో ‘అండ్’ అనే మాటకు బదులు ‘&’ గుర్తు వేశాడు, అందుకే వాక్యంతో వెతికితే దొరక్కపోవచ్చు.

3. అందరూ వదిలేసేది ఇదే: వాక్యం అక్కడితో అయిపోదు. చేతనైనంతకాలం పని చేస్తూ, ఎడతెగకుండా అధ్యయనం చేస్తానని కొనసాగుతుంది. అప్పటికే ఐదు వారాలకు పైగా కొండల్లో తిరిగి, అందులో రెండు వారాలు హిమానీనదాలు పరిశీలిస్తూ, దుప్పటి లేకుండా మంచుకొండల మధ్య పడుకుని వచ్చాడు. సెలవు విహారం పిలుపు కాదది, పరిశోధన పిలుపు. మీ వ్యాసంలో దయచేసి పూర్తి వాక్యమే ఇవ్వండి.

4. అసలు చేతిరాత కావాలంటే కాలిఫోర్నియాలోని యూనివర్సిటీ ఆఫ్ ద పసిఫిక్ డిజిటల్ సేకరణలో చూడండి.