ఫింగర్‌స్టైల్ గిటార్ వినాలంటే సంకలనంతోనే మొదలుపెట్టండి

అమెరికన్ జానపద ఫింగర్‌స్టైల్ గిటార్‌ను, అంటే బొటనవేలు మంద్ర తీగలపై లయ నిలుపుతుండగా మిగతా వేళ్లు పాటను మీటే వాయిద్యాన్ని, కొత్తగా వినేవారు ఆ బాణీలో పేరొందిన జాన్ ఫాహీ సొంత ఆల్బమ్‌తో మొదలుపెట్టాలా, పలువురు వాయించిన సంకలనంతోనా అని అడిగారు. నిస్సందేహంగా సంకలనంతోనే, అందులోనూ ఫాహీ సొంత రికార్డుల సంస్థ టకోమా 1967లో తెచ్చిన ‘కాంటెంపరరీ గిటార్ స్ప్రింగ్ ’67’తో.

ఫాహీ, రాబీ బాషో, మాక్స్ ఓక్స్, హ్యారీ టాసిగ్ వంటి యువకుల సరసన అమెరికా నల్లజాతివారి జానపద సంగీతమైన బ్లూస్‌లో మిసిసిపీ పెద్దాయన బుక్కా వైట్ అందులో వాయించారు. ఆయన పాత పాటలోని ఊరిపేరు పట్టుకుని, అబర్డీన్ పోస్టాఫీసుకు ఉత్తరం రాసి, 1963లో ఆయన ఆచూకీ తీసినవారిలో ఫాహీ ఒకరు. మూలపురుషుడినీ, ఆయన బాటను ఎటెటో మళ్లించిన వారసులనూ ఒకే రికార్డులో వినే అవకాశం ఒక్కరి ఆల్బమ్‌లో దొరకదు.

వీణ వాయించే మా మేనత్తకు ఒక సాయంత్రం ఈ సంగీతం వినిపించాను. కళ్లు మూసుకుని కాసేపు విన్నాక, ఒడిలో ఉన్న ఆమె కుడిచేతి చిటికెన వేలు తాళతంతులు మీటుతున్నట్లు కదలసాగింది. “పాట సంగతి తర్వాత, ముందు ఆ బొటనవేలు విను, అది ఆగడం లేదురా,” అన్నారు. గిటార్ తీసి, తీగలను నొక్కకుండానే ఒక స్వరమేళం పలికే ఓపెన్ డి శృతి చేసి ఒక్కొక్క తీగా మీటాను. మంద్రం నుంచి వరుసగా స, ప, స, గ, ప, స. గాంధారం ఒక్కటి తీసేస్తే మన తంతుల శృతే కదా అని ఆమె వెంటనే పట్టేశారు. సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ దగ్గర శిష్యరికం చేసిన బాషో గిటార్‌ను రాగాలాపన వైపు నడిపించగలగడానికి ఈ శృతే ఆధారమని నా గట్టి నమ్మకం.

ఇంతటి సంగీతాన్ని నేటి యాప్‌లు నిద్రపుచ్చే పాటల జాబితాల్లో కలిపేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. బుక్కా వైట్ వాయిద్యానికి నిద్ర పట్టడమేమిటి? పైగా ముక్కలను విడదీసి వినిపించడం వల్ల, ఒకరి పక్కన మరొకరిని నిలిపిన సంకలనకర్త శ్రమ వృథా అవుతుంది. కాబట్టి వరుస మార్చకుండా, మొదటినుంచి చివరిదాకా వినండి. ఆ తర్వాత, సొంత ఖర్చుతో రికార్డులు వేసుకుని మరుగున పడిపోయినవారి వాయిద్యాన్ని న్యూమెరో రికార్డుల సంస్థ 2008లో ఏర్చికూర్చిన ‘గిటార్ సోలి’ సంకలనం వినండి. ఫాహీ ఆల్బమ్‌లకు అప్పుడు వెళ్లవచ్చు.